నాలుగో నంబరు డ్రయర్

మా ఊళ్ళో గాలి మనుషుల్ని కూడా ఈడ్చుకుపోతుంది.
అందుకే వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
పట్టుకుని నడవమని.
ఆరుబయట దండెం మీద చొక్కా ఆరేస్తే
సాయంత్రానికి అది జలసంధి దాటిపోయి
అవతల ఎవరికో సరిపోతుంది.

కాబట్టి పుంతా అరేనాస్‌లో మా పేటంతా
ఇస్మేనియా లాండ్రీకే రావాలి.
ఆరు వాషర్లు, నాలుగు డ్రయర్లు,
ఒక బల్ల, దాని మీద ఎప్పుడూ
జత దొరకని మేజోడు ఒకటి.

నేను యంత్రాలు బాగుచేసేవాణ్ణి.
చెవితోనే నా పని సగం:
బేరింగ్ అరిగితే మూలుగు,
బెల్టు జారితే ఈల.
ఆ శనివారం నాలుగో నంబరు వెనక వెల్లకిలా పడుకుని ఉంటే
కొత్త చప్పుడొకటి వినిపించింది.
యంత్రానిది కాదు.

పీతల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన రోసెలోర్
రబ్బరు బూట్లైనా విప్పకుండా
నేల మీద చతికిలబడి చదువుతోంది.
హైతీ నుంచి వచ్చి రెండు చలికాలాలు.
స్పానిష్ మాటల్ని
ముళ్ళున్న చేపలా జాగ్రత్తగా నములుతోంది.
తడబడితే ఐదేళ్ళ బెల్త్రాన్ అందిస్తున్నాడు.
వాడికి చదవడం రాదు.
పుస్తకం మాత్రం కంఠతా వచ్చు.

చుట్టూ పదిమంది పిల్లలు,
అప్పుడే తీసిన దుప్పట్ల వేడిలో మెడదాకా మునిగి.
ఎవరి ఒళ్ళోనో ఏడు నెలల పాప
అట్ట అంచు కొరుకుతోంది.
"కొరకనీ," అంది ఇస్మేనియా,
"ముందు రుచి తెలియాలిగా."

కథ ఏమంత గొప్పది కాదు.
ఒంటి బూటు ఒకటి తన జతను వెతుక్కుంటూ బయల్దేరుతుంది.
పదో పేజీలో ఇవతలి ఒడ్డు.
పన్నెండో పేజీలో అవతలి ఒడ్డు.
పదకొండో పేజీ లేదు.
నిరుడు ఎవరో తలుపు తీస్తే గాలి పట్టుకుపోయింది.

అందుకని ఏ వారం ఎవరు చదివితే వాళ్ళే
బూటుని నీళ్ళు దాటించాలి.
వెల్డర్ గుమెర్సిందో ఇనుప వంతెన వేశాడు,
ఎన్ని రాడ్లు ఖర్చయ్యాయో కూడా లెక్క చెప్పాడు.
రోసెలోర్ వాళ్ళ అమ్మమ్మ
బుట్టలో పెట్టి నెత్తిన మోసుకుపోయింది.
"నీళ్ళెంత లోతు?" అన్నారు పిల్లలు.
"మా అమ్మమ్మకి మోకాళ్ళ దాకా."

ఒక శనివారం నా వంతన్నారు.
నాకు పిల్లల్లేరు.
పైకి చదివి ముప్పై ఏళ్ళు దాటింది,
అదీ టీచరమ్మ స్కేలు పట్టుకుని నిలబడితే.
తిప్పిన ప్రతి పేజీకీ నా బొటనవేలి గ్రీజు.
పదకొండు దగ్గర నోరు ఎండిపోయింది.
చివరికి బూటుని వాషర్ డ్రమ్ములో కూర్చోబెట్టి
తలుపు బిగించి
అలల మీద దొర్లించాను.
"మధ్యలో బెల్టు తెగితే?" అన్నాడు బెల్త్రాన్.
"నేనుంటాగా," అన్నాను.
ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఇప్పటికీ తెలీదు.

మొన్న మే నెలలో లైబ్రరీవాళ్ళు కొత్త ప్రతి పంపారు,
పదకొండో పేజీతో సహా.
అందులో బూటు పడవెక్కి దాటింది.
అంతే. మామూలు పడవ. తెడ్లు కూడా రెండే.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"తప్పు అచ్చేశారు," అని తేల్చాడు బెల్త్రాన్.

అప్పుడు ఆయెలెన్,
మూడేళ్ళొచ్చినా రెండు మాటలు కలిపి అనని పిల్ల,
పాత పుస్తకం లాక్కుని
చిరుగు మిగిలిన చోట వేలు పెట్టి
ఎడమ నుంచి కుడికి జరుపుతూ
లేని పేజీని పూర్తిగా చదివింది.
కింద పంక్తికి దిగేటప్పుడు
వేలు ఎత్తి మళ్ళీ ఎడమకి తెచ్చింది కూడా.
బూటు ఎలా దాటిందో నేను చెప్పను.
కావాలంటే మాసిన బట్టలు మూటగట్టుకుని
శనివారం రండి.

నాలుగో నంబరుకి థర్మోస్టాట్ పోయింది.
బట్టలారడానికి పావుగంట ఎక్కువ పడుతుంది,
అంటే ఇంకో కథకి సరిపడా.
"మార్చేయనా?" అంటే
ఇస్మేనియా దుప్పటి మడతపెడుతూ తలెత్తలేదు.
కొత్తది నా వ్యాన్‌లో ఉంది, సీటు కింద,
డబ్బా విప్పకుండా.
రసీదు మీద మాత్రం ఇలా రాసిచ్చాను:
విడిభాగం దొరకలేదు.